చలిని ఓడించిన చేపలు

పిల్లలూ! సముద్రపు నీరు ఇంచుమించు -1.9 డిగ్రీల సెంటీగ్రేడు దాకా గడ్డకట్టదు. మామూలు చేప నెత్తురు -1 డిగ్రీ రాకముందే గడ్డకడుతుంది. మరి ధ్రువసముద్రాలలో చేపలు ఎట్లా బ్రతుకుతున్నవి? వాటి నెత్తురులోని ఒక మాంసకృత్తు మంచుపలుకులకు అంటుకుని, వాటిని పెరగనివ్వదు.

దక్షిణధ్రువపు నోటోథెనియా జాతి చేపలలోను, ఉత్తరధ్రువపు కాడ్ చేపలలోను ఈ మాంసకృత్తు దాదాపు ఒక్కటే. అవి దగ్గర చుట్టాలా అంటే, కావు! "గుడ్డిగా వచ్చే మార్పులు రెండుచోట్ల ఒకే వస్తువును చేయగలవా?" అని పెద్దలు కూడ వాదిస్తారు. అడగవలసిన ప్రశ్నే.

1997లో శాస్త్రజ్ఞులు జన్యువులను పరీక్షించారు. దక్షిణపు చేపలో అది ట్రిప్సినోజెన్ అనే జీర్ణరసపు జన్యువు నుంచి పుట్టింది. కాడ్‌లో అట్లా కాదు. ఏ మాంసకృత్తునూ తయారుచేయని జన్యుపదార్థం నుంచి పుట్టిందని 2019లో తేలింది. రెండింటిలోను మూడు ఆమైనో ఆమ్లాలకు సరిపడే చిన్న తునక, మీరు ఎక్కం వల్లించినట్లు, మళ్లీ మళ్లీ నకలు పడి పొడుగయింది. నకలు పడడం యాదృచ్ఛికమే. ఏ చేప మిగలాలో తేల్చింది మాత్రం చలి. ఓడిన చేపలు మనకు కనపడవు. అందుకే గెలుపు అంత వింతగా తోస్తుంది.

మంచును ఆపటానికి ఇదొక్కటే ఉపాయమా? కాదు. హెర్రింగ్ చేప వేరొక రకం మాంసకృత్తుతో అదే పని జరుపుకుంటున్నది.