స్వభావమెరిగి సాయం

డీ-అడిక్షన్ సెంటర్ నుంచి ఇంటికొచ్చాకే అసలు పరీక్ష మొదలవుతుంది. చేతులు వణకడం, చెమటలు పట్టడం వంటి విత్‌డ్రాయల్ లక్షణాలు చాలామందిలో వారం పది రోజుల్లో తగ్గుముఖం పడతాయి. ఆ తర్వాత నెలలు, ఏళ్ల తరబడి మద్యం జోలికి పోకుండా ఉండటంలో మందులు, కౌన్సెలింగ్‌తోపాటు మనిషి స్వభావానికీ పాత్ర ఉంటుంది. మన ఇళ్లలో దాన్నే పట్టించుకోం. ‘గట్టిగా అనుకుంటే మానలేడా?’ అని అందరికీ ఒకే మంత్రం చదువుతాం.

ముందూవెనకా చూసుకోని దుందుడుకు మనిషికి హితబోధలు తలకెక్కవు. కోరికకూ సీసాకూ మధ్య దూరం పెంచాలి. ఇంట్లో మద్యం ఉంచొద్దు. జీతం రోజున చేతిలో ఎంత డబ్బు ఉండాలో ఆయనతోనే మాట్లాడి నిర్ణయించుకోండి. ప్రతిదానికీ కంగారుపడే మనిషి దిగులు మరవడానికి తాగుతుంటే, ఆ ఆందోళనకూ చికిత్స అందాలి. కాదనలేని మొహమాటస్తుడికి పెళ్లి విందులే గండం. ఏం చెప్పి తప్పుకోవాలో ముందే అనుకోండి. కొన్నాళ్లు వెళ్లకపోయినా నష్టం లేదు.

మరి ముక్కుమీద కోపం ఉంటే? అమెరికాలో 1990ల్లో 1,726 మందితో సాగిన ‘ప్రాజెక్ట్ మ్యాచ్’ అధ్యయనం మూడు రకాల కౌన్సెలింగ్‌లను పోల్చింది. మొత్తంమీద ఫలితాలు దాదాపు ఒకేలా ఉన్నాయి. కానీ ఔట్‌పేషెంట్లలో కోపం ఎక్కువున్నవారికి, నిలదీయకుండా మానడానికి కారణాలను వాళ్ల నోటే చెప్పించే పద్ధతి మెరుగ్గా పనిచేసింది. రోజూ నోరు వాసన చూసే ఇళ్లకు ఇదొక పాఠం. తెలియకుండా అన్నంలో ‘మాన్పించే మందు’ కలపడం మరీ ప్రమాదం. అది ప్రాణం మీదికి తేవచ్చు.

అలాగని తొలి వారాల్లోనే స్వభావంపై తీర్పు చెప్పకండి. అప్పటి చిరాకు, దిగులు, నిద్రలేమి చాలావరకు మద్యం మిగిల్చినవే కావచ్చు. మానేసిన కొన్ని వారాలకు గానీ అసలు మనిషి కనిపించడు.

ఒకసారి జారిపోతే ‘వాడి బుద్ధే అంత’ అనేస్తాం. ఆ మాట విన్నవాడు రెండో గ్లాసుకు సాకు వెతుక్కుంటాడు. స్వభావం నుదుటిరాత కాదు, ఎక్కడ జాగ్రత్తపడాలో చెప్పే గుర్తు మాత్రమే. తిట్టడం మాని, ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. సలహా కోసం ప్రభుత్వ హెల్ప్‌లైన్లు 14446, 14416 ఉన్నాయి. మనిషిని మార్చాలని పంతం పట్టేముందు, ఆ మనిషి ఎలాంటివాడో తెలుసుకోవడం ఇంటివాళ్ల చేతిలోని పని.