ఆరు గంటలవేళ తాళపుచెవి

కేంద్ర సామాజిక న్యాయ, సాధికారతా శాఖామాత్యులకు

ఆర్యా,

మద్యపాన వ్యసనమునకు చికిత్స పొంది ఇల్లు చేరిన మనుష్యునికి దినములో దుస్సహమైన వేళ యేదని యడిగినచో, నేనెఱిగిన వారందఱును సాయంకాలము ఆరు గంటలనియే చెప్పుదురు. మా నెల్లూరు జిల్లాలో, మా వీథి వడ్రంగి యొకడు చికిత్సాకేంద్రమున నెల దినములుండి, ఆకలి తిరిగి వచ్చి, తేటపడిన కన్నులతో వచ్చెను. కాని పని ముగించి రంపమును సంచిలో పెట్టుకొని బయలుదేరగనే ఆ దారియే, ఆ దుకాణమే, ఆ మిత్రులే యెదురయిరి. ఇరువది దినములకే మరల త్రాగెను.

రెండవమాఱు చికిత్స ముగించి వచ్చినపుడు మా గ్రంథాలయమును నడపు పెద్దాయన నీతు లేమియు చెప్పక, తాళపుచెవి నాతని చేత బెట్టి, "రోజూ ఆరింటికి తెరవాల్సింది నువ్వే అబ్బయా, పేపరు చదివేవాళ్లు నీకోసం కాచుకోనుంటారు" అనెను. మొదటివారము చేయి వణకి ఆ చెవి తాళములో దూరక రెండు మూడు మార్లు తప్పుటను నేను చూచితిని. సంక్రాంతినాడు తలుపు తెరువలేదు. చదువరులు నలుగురు వాని యింటికి పోయి పిలుచుకొని వచ్చిరి. మఱునాటినుండి నేటివఱకు తెరచుచునే యున్నాడు.

మద్యమునకు బానిసలైనవారిలో ప్రతి 38 మందికి ఒక్కరే చికిత్స పొందిరని 2019లో మీ శాఖ ప్రకటించిన సర్వేక్షణమే చెప్పుచున్నది. ఆ యొక్కరినైనను తిరిగి జారిపోనీయక నిలుపుకొనుట మన కర్తవ్యము కాదా? భర్తను మద్యమునకు కోల్పోయిన శాంతి రంగనాథన్ గారు 1980లో చెన్నపట్టణమున స్థాపించిన సంస్థ, తంజావూరు సీమలోని మంజక్కుడి వంటి పల్లెలకు చికిత్సాశిబిరములను కొనిపోయి, ఇంటివారిని, ఊరివారిని అందులో భాగస్వాములను చేసినది. 1992లో సారా దుకాణములను మూయించిన మా జిల్లా దూబగుంట గ్రామ స్త్రీలకు గల సంఘబలము, చికిత్స ముగించి తిరిగి వచ్చువానికి తోడు నిలుచుటకును చాలునని నా దృఢవిశ్వాసము.

కావున పడకల లెక్కను బట్టి యిచ్చు గ్రాంటులతో తృప్తిపడక, ఇల్లు చేరిన పిదప గడచు మొదటి సంవత్సరమునకును ధనము కేటాయింపుడు: ప్రతి యూరను పాఠశాలలోనో, పంచాయతీ కార్యాలయములోనో సాయంకాలపు గది యొకటి, వ్యసనమును గెలిచినవానికి అందు జీతముతో కూడిన బాధ్యత, కుటుంబములు వారమునకొకసారి కూర్చుండుటకు ఒక చాప.

మీ యధికారు లెవరైన మా ప్రాంతమునకు వచ్చినచో, ఆరు గంటలకు అయిదు నిమిషములు ముందుగా మా గ్రంథాలయపు గుమ్మమువద్ద నిలువవలెనని కోరుచున్నాను.

భవదీయుడు,
గ్రంథాలయ పాఠకు డొకడు