తలెత్తినోణ్ణి మెచ్చేదెవరు?

"వాడు మంచోడబ్బా, ఎదురు మాట్లాడడు." పెద్దతిప్పసముద్రం మొదలు పుంగనూరు, కుప్పం దాకా పెత్తందారు మన వాడలోళ్లకిచ్చే మెప్పు ఇట్లాంటిదే. ఈ మెప్పు ఊరికే రాదు. దీని వెనక ఒక లెక్క ఉంది.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ఆ లెక్క తేల్చినాడు. పెట్టెలోని ఎలుక మీట నొక్కితే తిండి పడుతుంది. పడేకొద్దీ అది నొక్కుతూనే ఉంటుంది. ఏ పనికి ఫలితం దక్కుతుందో ఆ పని బలపడుతుంది. పంతుళ్ల చదువులో దీని పేరు పునర్బలనం. ఫలితమంటే తిండే కానక్కర్లేదు, బాధ తప్పడమూ ఫలితమే. ఎప్పుడో ఒకసారి దక్కే ఫలితమైతే ఆ అలవాటు ఇంకా మొండిగా నిలుస్తుంది.

ఇప్పుడు మన బతుకు చూడండి. భుజం మీది తువ్వాలు తీస్తే తిట్లు తప్పుతాయి. కాబట్టి రేపూ తీస్తాం. ఎప్పుడో పండక్కి ఒక పాత పంచె, అవసరానికి నూరో ఇన్నూరో అప్పు. ఆ ఆశతోనే ఏడాదంతా వాకిట్లో చేతులు కట్టుకుంటాం. అణకువ మన రక్తంలో లేదు, మనకు నేర్పినారు. నేర్పింది మార్చుకోవచ్చు.

దౌర్జన్యమూ ఇట్లే నేర్చుకుంటారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపినారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులంది. హత్యలున్నాయి, హంతకులు లేరు! ఈ తీర్పు ఊరూరా పెత్తందారుకు ఏ పాఠం చెబుతుంది?

అందుకే రెండు పనులు మన చేతిలో ఉన్నాయి. కూలి గట్టిగా అడిగిన అక్కను, వేరు గ్లాసు వద్దన్న తమ్ముణ్ణి ఆ రోజే వాడంతా మెచ్చుకోవాలి. "నీకెందుకురా ఈ గొడవ" అన్నామా, ఆ ధైర్యాన్ని మనమే చంపినట్టు. వాళ్లకు పని పోతే తలా ఇంత వేసి ఆదుకోవాలి.

రెండోది, తప్పు చేసినోడికి ఫలితం చూపాలి. స్టేషనుకు ఒక్కణ్ణే పంపొద్దు, పదిమంది పోండి. 1989 అట్రాసిటీ చట్టం కింద ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. కేసు రాయనంటే విషయం రాసి పోస్టులో ఎస్పీకి పంపండి. కావాలని విధి తప్పిన, ఎస్సీ ఎస్టీ కాని అధికారికి నాలుగో సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఏడాది జైలుంది.

1927లో మహద్ చెరువు నీళ్లు అంబేడ్కర్ ఒక్కడే తాగలేదు. వేలమంది వెంట నడిచినారు.

తలవంచినోణ్ణి పెత్తందారు మెచ్చుతాడు. తలెత్తినోణ్ణి మనం మెచ్చుదాం. జై భీమ్!