బడి తెరిచే రోజు పిల్లల చేతికి చీపురు వద్దు

మన బడుల్లో తెలుగు పుస్తకాల చోటు చాలావరకు మూల గదే. పాత వాచకాలు, విరిగిన బల్లలు, చినిగిన పటాలు అన్నీ అక్కడే. వేసవి సెలవుల్లో మూసి ఉన్న ఆ గదిలో ఎలుకలు కాపురం పెడతాయి. బడి తెరవగానే నలుగురు పిల్లల్ని పిలిచి ఊడ్చమంటాం. శ్రమదానం అని పేరు కూడా పెట్టుకుంటాం. ఈ అలవాటు మానాలని మేం గట్టిగా కోరుతున్నాం.

హంటా వైరస్‌లు ఎలుకల మూత్రంలో, పెంటికల్లో, లాలాజలంలో ఉంటాయి. ఎలుక కరిస్తే అంటుకోవడం అరుదు. ఎండిన పెంటికలు చీపురు తగలగానే పొడై లేచి, ఊపిరితో లోపలికి పోవడమే అసలు ప్రమాదం. 1993లో అమెరికా నైరుతి ప్రాంతంలో ఆరోగ్యంగా తిరుగుతున్న యువకులు ఊపిరితిత్తుల్లో నీరు చేరి రోజుల్లోనే చనిపోయారు. డీర్ మౌస్ అనే ఎలుక మోసే వైరస్ దానికి కారణం. ఆ జబ్బు పడినవారిలో పదికి సుమారు నలుగురు బతకరు. అక్కడి నవాహో ప్రజల పేరు మీద పత్రికలు దాన్ని 'నవాహో ఫ్లూ' అన్నాయి. ఒక జబ్బుకు ఒక జాతి పేరు తగిలిస్తే ఎలా ఉంటుందో కొద్దిమందిగా బతికే మనకు వేరే చెప్పనక్కర్లేదు. చివరికి ఆ వైరస్‌కు స్పానిష్‌లో 'పేరు లేనిది' అన్న పేరే ఖాయమైంది.

ఆ ఎలుక మన దేశంలో లేదు. అలాగని ఇది పరాయి ముచ్చట కాదు. 1964లో వెల్లూరు తోటపాళయంలో పట్టిన చుంచెలుకలో దొరికిన వైరస్ హంటా కుటుంబానిదేనని తర్వాత తేలింది. ఆ పేట పేరే దానికి పెట్టారు. అది మనుషుల్ని జబ్బు చేస్తుందని రుజువు కాలేదు. కానీ ఎలుకలు పట్టే ఇరుళర్లలో, గోదాము కూలీల్లో హంటా యాంటీబాడీలు ఉన్నట్టు వెల్లూరు పరిశోధకులే చూశారు.

భయపడి బడి మాన్పించాల్సిన పని లేదు. ముందు తలుపులు, కిటికీలు తెరిచి అరగంట బయటే ఉండండి. పొడి చీపురు పట్టకండి. ద్రవరూపంలో దొరికే బ్లీచ్ ఒక పాలు, నీళ్లు తొమ్మిది పాళ్లు కలిపి పెంటికల మీద పోసి, అయిదు నిమిషాలు నాననిచ్చి, చేతికి రబ్బరు తొడుగులతో కాగితంతో ఎత్తేయండి. తర్వాత తడిబట్టతో తుడవండి.

ఇది పెద్దల పని, కూలి ఇచ్చి చేయించాల్సిన పని. బడి ఖర్చుల్లో దీనికి నాలుగు వందలు దొరకవని ఏ కమిటీ అన్నా మేం నమ్మం. ఈ సూచనలు తమిళంలోనో, కన్నడంలోనో, ఒడియాలోనో గోడకు అంటించినప్పుడు పక్కనే తెలుగులోనూ రాయండి. ఊడ్చే ఆయమ్మ చాలాచోట్ల మన ఇంటి మనిషే.