సాయంకాలపు చదువు – సంఘముయొక్క బాధ్యత

పొలమునుండి మరలివచ్చిన రైతు పశువులకు మేత వేసి, కాళ్లు కడిగికొని లోనికి వచ్చునప్పటికి ప్రొద్దు గ్రుంకును. అప్పుడు అయిదవ తరగతి చదువు కుమారుడు లెక్కల పుస్తకము తెచ్చి, “నాయనా, ఈ లెక్క యెట్లు చేయవలెను?” అని యడుగును. బస్తాల లెక్కయు వడ్డీ లెక్కయు తండ్రికి నోటికి వచ్చును గాని పుస్తకములోని భిన్నములు తెలియవు. “రేపు పంతులుగారి నడుగుము” అనును. మరునాడు బడిలో క్రొత్త పాఠము మొదలగును. బాలుడు వెనుకబడుట ఇట్లే ఆరంభమగును. ఇది వాని సోమరితనము కాదు. ఇంట సాయము లేని లోపము.

ధనవంతులు పిల్లలను ట్యూషనుకు పంపుదురు. పంటఋణముతో సేద్యము చేయు చిన్నరైతు నెలనెల రుసుము చెల్లింపజాలడు. బడి ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషను చెప్పరాదని 2009 సంవత్సరపు విద్యాహక్కు చట్టము నిషేధించుచున్నది. కావున ఈ లోటు తీర్చుటకు గ్రామమే పూనుకొనవలెను.

గ్రామమున మన సంఘమునకు కట్టడము గలదు, దీపము గలదు. సాయంకాలము లావాదేవీలు ముగిసినపిమ్మట ఆ వసారా ఊరక యుండును. అచ్చట రెండు చాపలు పరచి, నల్లబల్ల యొకటి పెట్టి, కాలేజీ చదివిన మన యూరి యువతీయువకులను ఇద్దరిని కూర్చుండబెట్టి, గంటన్నరసేపు పిల్లలచే ఇంటిపని చేయించిన చాలును. 2020 సంవత్సరపు కేంద్ర విధానము ప్రకారము రెండవ తరగతివరకు ఇంటిపనియే కూడదు; 3 మొదలు 5 వరకు వారమునకు రెండు గంటలు, 6 మొదలు 8 వరకు దినమునకు ఒక గంట మించరాదు. కావున గంటన్నర చాలినంత కాలమే.

అయితే సాయమనగా లెక్క చేసి యిచ్చుట కాదు. అట్లు చేసినచో నోటుపుస్తకము నిండును గాని బాలుని బుద్ధి నిండదు. ముందుగా ప్రశ్నను వానిచేతనే బిగ్గరగా చదివింపవలెను. ఎచ్చట ఆగినాడో కనిపెట్టి, అచ్చటినుండి నడిపింపవలెను. అయిదవ తరగతి బాలుడు రెండవ తరగతి వాచకము చదువలేకున్నచో, ముందు ఆ చదువే నేర్పవలెను. 2001–03 సంవత్సరముల నడుమ వడోదర, ముంబయి నగరములలో వెనుకబడిన పిల్లలకు బడివేళలలోనే స్థానిక యువతులు ఇట్టి మొదటి పాఠములు చెప్పగా, వారి మార్కులు మెరుగుపడినట్లు పరీక్షలవలన తేలినది. కాబట్టి ఈ పనికి గొప్ప పండితులు అక్కరలేదు. ఓర్పు గలవారు కావలెను.

“ఎరువులు, అప్పులు సంఘముపని, చదువు ప్రభుత్వముపని” అని కొందరందురు. బడి నడుపుట ప్రభుత్వముపని యనుట నిజమే. కాని 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున సహకార దుకాణము పెట్టిన పేదవారు, తరువాతి కాలములో లాభములో నూటికి రెండున్నర వంతు విద్యకు కేటాయించిరి. 1995లో అంతర్జాతీయ సహకార సమాఖ్య ప్రకటించిన ఏడు సూత్రములలో అయిదవది విద్యాశిక్షణములకు సంబంధించినదే. ఋణపత్రము చదువలేక వ్రేలిముద్ర వేయు సభ్యుడు తన సంఘమునకు తానే పరాయివాడు. వాని బిడ్డయు అట్లే కాకుండ చూచుకొనుట సంఘముపని కాదా?

బాలికల విషయమున ప్రత్యేక శ్రద్ధ వహింపవలెను. చీకటి పడినపిమ్మట పంపుటకు తల్లిదండ్రులు జంకుదురు. ఆ జంకు న్యాయమైనదే. వారికొరకు వేళను ముందునకు జరుపవలెను. వీధికొక తల్లి వంతులవారీగా వెంటనుండి యిల్లు చేర్పవలెను. లేనియెడల వసారాలో బాలురు మాత్రమే మిగులుదురు.

వ్యయము స్వల్పము: చాపలు, సుద్దముక్కలు, దీపపు ఖర్చు, చెప్పువారికి కొంత పారితోషికము. నియమావళి యనుమతించు మేరకు లాభమునుండియు, చాలనిచో సభ్యుల చందాలనుండియు దీనిని సమకూర్పవచ్చును. రాబోవు మహాజనసభలో సభ్యులు ఈ విషయమును తీర్మానరూపమున ప్రతిపాదింపవలెనని నా మనవి. విత్తనమునకు అదను తప్పినచో పంట దక్కదని రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు; చదువునకును అదను గలదు.