ఇంగ్లీషు ఏ తరగతి నుంచి అన్నదే రభస

డిగ్రీ విద్యార్థిని రెండు ప్రభుత్వ నిర్ణయాలు రెండు దిక్కులకు లాగుతున్నాయి. తమ డిగ్రీ కళాశాలలన్నిటా బోధన ఇంగ్లీషులోనే సాగాలని 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్ణయించింది. రెండేళ్ళు తిరగకముందే, 2023 ఏప్రిల్‌లో, ఇక్కడి యు.జి.సి. దేశంలోని విశ్వవిద్యాలయాలకు లేఖ రాస్తూ, ఇంగ్లీషు మాధ్యమంలో చదివినవారిని సైతం పరీక్షలు స్థానిక భాషలో రాయనివ్వవలసిందని కోరింది. ఆ లేఖ పంపిన నాటి అధ్యక్షుడు జగదీశ్ కుమార్ తెలుగువాడే కావడం విశేషం. అమరావతి మాట వినాలో, ఢిల్లీ మాట వినాలో విద్యార్థికి తోచదు. అతడు ఇంగ్లీషును ఎలా నేర్చుకుంటున్నాడు, కళాశాల గడప తొక్కేనాటికి ఎంత నేర్చుకున్నాడు అన్న విచారణ ఈ వాదోపవాదాలలో ఎక్కడా వినపడదు.

ఈ విచారణ శ్రద్ధగా జరిగిన చోటు కలకత్తా. జరిగి నూరేళ్ళు దాటింది. కలకత్తా విశ్వవిద్యాలయ స్థితిగతులను పరిశీలించడానికి లీడ్స్ విశ్వవిద్యాలయ ఉపకులపతి మైకేల్ శాడ్లర్ అధ్యక్షతన 1917లో ఒక సంఘం ఏర్పడింది. అశుతోష్ ముఖర్జీ అందులో సభ్యుడు. 1919లో వెలువడిన నివేదిక పైపైన సాగిన పని కాదు, అనేక సంపుటాల గ్రంథం. మెట్రిక్యులేషన్ గట్టెక్కి వచ్చిన కుర్రవాడు ఇంగ్లీషు ఉపన్యాసాన్ని అందుకొనలేకపోతున్నాడనీ, పాఠశాల చేయవలసిన పని కళాశాల నెత్తిన పడుతున్నదనీ సంఘం గ్రహించింది. అందుకే ఇంటర్మీడియట్‌ను విశ్వవిద్యాలయం నుంచి విడదీయమన్నది. ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు, గణితం మినహా తక్కిన విషయాలను మాతృభాషలో చెప్పమన్నది. పై చదువులకు మాత్రం ఇంగ్లీషునే ఉంచింది. మాతృభాషలో గట్టిపడిన బుద్ధికి పరభాష త్వరగా పట్టుబడుతుందన్న తలంపు ఆ సిఫారసు వెనుక ఉన్నది. కలకత్తాలో మెట్రిక్యులేషన్‌ను మాతృభాషలో రాసే వీలు 1940లో గాని కలగలేదు. సిఫారసుకూ ఆచరణకూ నడుమ ఇరవై ఏళ్ళు! ఈ విషయంలో స్వదేశీ ప్రభుత్వాలు పరదేశీ ప్రభుత్వానికి తీసిపోలేదు.

శాడ్లర్ వెనుకనే బెంగాల్‌లో మరొకరు ఇదే సమస్యను తరగతి గదిలోకి దిగి పరిశీలించారు. ఢాకా ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసిన మైకేల్ వెస్ట్, బెంగాలీ పిల్లల ద్విభాషా పరిస్థితిపై 1926లో గ్రంథం ప్రకటించారు. జీవిత బీమా పాలసీని మధ్యలో వదులుకుంటే చేతికి దక్కే సొమ్మును సరెండర్ వాల్యూ అంటాము. చదువుకూ అలాంటి విలువ ఉండాలన్నారు ఆయన. బడి మధ్యలోనే మానేసేవారే ఎక్కువైన చోట, పూర్తి చేస్తేనే ఫలితమిచ్చే పాఠ్యక్రమం పేదవానికి మోసం. కాబట్టి ముందు చదవడం నేర్పాలన్నారు. వాడుకలోని వాచకాల్లో పుటపుటకూ కొత్త మాటలు గుప్పించి ఉండడం చూసి, వాటిని పలచన చేసి, వచ్చిన మాటే మళ్ళీ మళ్ళీ వచ్చేట్టు వాచకాలు తిరగరాశారు. పిల్లలు చదవగలిగారు. వెస్ట్ అభిప్రాయాలన్నిటితో ఏకీభవించనక్కరలేదు. మాట్లాడడాన్ని ఆయన వెనక్కు నెట్టారన్న విమర్శలో నిజమున్నది. కాని అభిప్రాయానికి ముందు ఆయన లెక్క చూసుకున్నారు.

లెక్క చూసుకోని ప్రయోగం కూడా బెంగాల్‌లోనే జరిగింది. 1977లో అధికారానికి వచ్చిన వామపక్ష ప్రభుత్వం, 1980 దశకం తొలి సంవత్సరాలలో, ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల నుంచి ఇంగ్లీషును తొలగించి ఆరవ తరగతి నుంచి మొదలుపెట్టింది. చిన్ననాట మాతృభాషే చాలునన్న సూత్రంలో దోషం లేదు. భాషావేత్త సుకుమార్ సేన్ వంటి పెద్దలు వ్యతిరేకించారు. వీధుల్లో ఉద్యమం నడిచింది. అదే సమయంలో ఆరవ తరగతికి వ్యాకరణాన్ని పక్కకు నెట్టి సంభాషణకు, వాడుకకు పెద్దపీట వేసిన కొత్త వాచకాలు వచ్చాయి. ఆ పద్ధతి ఎరిగిన ఉపాధ్యాయులు మాత్రం తగినంతమంది లేరు. అయిదేళ్ళు ఆలస్యంగా మొదలైన చదువు మరింత గట్టిగా సాగవలసింది పోయి మరింత బలహీనపడింది. ఆ పిల్లలే 1990 దశకంలో కళాశాలలకు చేరారు. డబ్బున్నవారి పిల్లలు అప్పటికే ప్రైవేటు ఇంగ్లీషు బడులకు తరలిపోయారు. భాషావేత్త పవిత్ర సర్కార్ నాయకత్వాన 1998లో ఏర్పడిన సంఘం సలహాపై 1999లో మూడవ తరగతికి, 2004లో ఒకటవ తరగతికి ఇంగ్లీషు తిరిగి వచ్చింది. ఆ విధానం కింద చదివినవారి సంపాదనను తనికా చక్రవర్తి, శిల్పి కపూర్ అనే ఆర్థికవేత్తలు తర్వాత పరిశీలించి, వారికి వేతనంలో గణనీయమైన నష్టం కలిగిందని తేల్చారు. నష్టపోయినవారు ప్రభుత్వ బడి తప్ప గతిలేనివారు.

దీన్నిబట్టి ఒకటవ తరగతి నుంచి అన్నీ ఇంగ్లీషులో చెబితే సరి అని మన తెలుగు ప్రభుత్వాలు అనుకున్నట్టున్నది. ఆంధ్రప్రదేశ్ 2019లో ఇచ్చిన ఉత్తర్వులను 2020లో హైకోర్టు కొట్టివేసింది. తెలంగాణ 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టింది. ఇంగ్లీషును ఒక పాఠ్యవిషయంగా బాగా నేర్పడం వేరు, తెలియని ఇంగ్లీషులో సాంఘికశాస్త్రం చెప్పడం వేరు. బెంగాల్ పోగొట్టుకున్నది మొదటిది. మనం తెచ్చుకుంటున్నది రెండవది. పరభాషలో మాటామంతీ రెండేళ్ళలో పట్టుబడినా, చదువుకు పనికివచ్చే భాష పట్టుబడడానికి అయిదేళ్ళు, అంతకు మించి కూడా పడుతుందని కెనడా పండితుడు జిమ్ కమిన్స్ 1980 దశకం నాటికే చూపించారు. అదీ చుట్టూ ఇంగ్లీషు వినపడే దేశంలో!

విశ్వవిద్యాలయ స్థాయిలో జరుగుతున్నదేమిటో చూడడానికి కలకత్తా కాలేజ్ స్ట్రీటు చాలు. పాత పుస్తకాల దుకాణాల నడుమ నోట్సులు, పరీక్షలో రాగల ప్రశ్నల 'సజెషన్లు' దొరుకుతాయి. మన కోఠీలోనో, విజయవాడ ఏలూరు రోడ్డులోనో గైడ్లు దొరికినట్టే. మూలగ్రంథం తెరవకుండానే ఇంగ్లీషు పేపరు గట్టెక్కవచ్చు. కంఠస్థం చేసిన వాక్యం నోటికి వస్తుంది గాని, తనకు తానై ఒక వాక్యం కూర్చవలసి వచ్చేసరికి విద్యార్థి తడబడతాడు. 1979-84 మధ్య ఎన్.ఎస్. ప్రభు బెంగుళూరు, మద్రాసు ప్రాంతాలలో చేసిన ప్రయోగం ఈ జబ్బు మూలాన్నే తాకింది. పటాలు, రైళ్ళ వేళల పట్టికలు ఇచ్చి లెక్కలు తేల్చమంటే, మనసు అర్థంపై నిలిచినప్పుడు వ్యాకరణం దానంతట అదే పట్టుబడుతుందన్నది ఆయన వాదం. అది పాఠశాల పిల్లలపై చేసిన ప్రయోగమే. డిగ్రీ విద్యార్థికి పటానికి బదులు అతని అర్థశాస్త్రమో, జంతుశాస్త్రమో ఉన్నది.

స్థానిక భాషలో జవాబు రాసే హక్కును యు.జి.సి. చెప్పడం మంచిదే. కాని అదే విద్యార్థి రేపు పరిశోధనా పత్రం చదవాలంటే ఇంగ్లీషు కావాలి. తెలుగులో రాయనిచ్చి, తన శాస్త్రాన్ని ఇంగ్లీషులో చదివించే ఏర్పాటు ఒకే కళాశాలలో కుదరనిదేమీ కాదు. మొదటి ఏడాది ఇంగ్లీషు పేపరులో సగం మార్కులైనా ముందెన్నడూ చూడని పాఠ్యభాగానికి ఇస్తే గైడ్ల వ్యాపారం కొంత సన్నగిల్లుతుంది. అంతకుముందు చేయవలసినది ఒకటున్నది. ఇంగ్లీషు బోధనపై పరిశోధనకే 1958లో నెలకొల్పిన కేంద్ర సంస్థ, నేటి ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం, హైదరాబాదులోనే ఉన్నది. డిగ్రీలో చేరే విద్యార్థి నిమిషానికి ఎన్ని మాటలు అర్థం చేసుకుంటూ చదవగలడో జిల్లాల వారీగా పరీక్షించి చెప్పమని రెండు రాష్ట్రాలూ ఆ సంస్థను కోరవచ్చు. ఆ ఫలితాలు బల్ల మీద పెట్టుకుని అమరావతి, హైదరాబాదు, ఢిల్లీ మాట్లాడుకొనవచ్చు.