రెన్‌మిన్‌బీయా, యువానా, క్వాయా?

పని మీద షెన్‌జెన్‌కో గ్వాంగ్‌జౌకో బయలుదేరే మనవాళ్ళు నన్ను ముందుగా అడిగేది ఇదే: "చైనా డబ్బుని యువాన్ అనాలా, రెన్‌మిన్‌బీ అనాలా?" రెండూ సరైనవే. రెన్‌మిన్‌బీ అంటే 'ప్రజల డబ్బు'. 1948 డిసెంబరులో చైనా పీపుల్స్ బ్యాంకు పుట్టినప్పుడు వచ్చిన డబ్బది. (1980 నుంచి 1990ల నడిమి దాకా విదేశీయులు డాలర్లు మార్చుకుంటే ఈ ప్రజల డబ్బు కాకుండా వేరే నోట్లిచ్చేవారు లెండి!) ఆ డబ్బుని లెక్కపెట్టేది యువాన్లలో. తీరా బజారుకెళితే ఈ రెండు మాటలూ అంతగా వినపడవు, అంతా 'క్వాయ్'. అందులో పదో వంతుని 'మావ్' అంటారు. నూరో వంతు 'ఫెన్' మన పైసాలాగే లెక్కలకే మిగిలింది.

అన్నిటికన్నా పెద్ద నోటు నూరే, ఎర్రగా ఉంటుంది. యాభై ఆకుపచ్చ. 1999లో మొదలైన వరస నోట్లన్నిటి మీదా మావో బొమ్మే కాబట్టి రంగు చూసి పోల్చుకోవాలి.

మనకి అసలు చిక్కు సున్నాలతో వస్తుంది. మనం వేలు దాటితే లక్షలంటాం, అమెరికాలో మిలియన్లంటారు. చైనావాళ్ళు పదివేల దగ్గర ఆగి దాన్ని 'వాన్' అంటారు. లక్షంటే పది వాన్లు, మిలియనంటే నూరు. సరుకు బేరానికెళ్ళిన మా మిత్రుడొకాయన 'రెండు వాన్' అని విని రెండు వేలనుకున్నాడు. అది ఇరవై వేలు! సంతకానికి ముందు అంకె వేసి చూపించమనబట్టి బతికిపోయాడు. అక్కడ మెడిసిన్ చదివే పిల్లలకి ఫీజులు కట్టే తల్లిదండ్రులూ నోటిమాట నమ్మకండి, అంకెల్లో రాయించుకోండి.

మారకం ధర సంగతి. 2005 జులై దాకా డాలరుకి 8.28 దగ్గర కట్టేసి ఉంచారు. ఇప్పుడు కాస్త వదిలినా, పగ్గం సర్కారు చేతిలోనే ఉంది. రోజూ పొద్దున సెంట్రల్ బ్యాంకు ఒక ధర ప్రకటిస్తుంది, దేశంలోపల మారకం దానికి రెండు శాతం అటూ ఇటూగా నడవాలి. హాంకాంగ్‌లో అమ్ముడయ్యే యువాన్‌కి ఆ కట్టు లేదు. అందుకే ఒకే డబ్బుకి రెండు ధరలు కనిపిస్తాయి, కంగారు పడకండి. అన్నట్టు, హాంకాంగ్‌లో రోజువారీ ఖర్చుకి వాళ్ళ డాలరు వేరే ఉంది.

ఇక టీకొట్టు దగ్గర కూడా అందరూ ఫోనుతోనే చెల్లిస్తారు. అలీపే, వీచాట్‌లకి మన కార్డులూ కలుపుకోవచ్చు, బయలుదేరే ముందే ఆ పని చూసుకోండి. నోటిస్తే వద్దనకూడదని రూలుంది గానీ, నూరు నోటిస్తే చిల్లరకి వెతుకులాటే. పదులూ ఇరవైలూ కొన్ని జేబులో ఉంచుకోండి.